వచ్చి మూడు వారాలైంది అక్కా, ఇక్కడ నేనెవరికీ పనికిరావట్లేదు

ఉత్తరం: "అక్కా, మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. బీటెక్ చేసి రెండేళ్ళు హైదరాబాద్‌లో ఉద్యోగం చేశా, నచ్చక ఇంగ్లండ్‌లో డెవలప్‌మెంట్ స్టడీస్ మాస్టర్స్‌కి వచ్చా. ఇప్పుడు మూడు నెలల ఇంటర్న్‌షిప్ మీద మలావిలో ఉన్నా. దక్షిణం వైపు ఫలోంబే జిల్లాలో ఒక చిన్న చారిటీ, ఆడవాళ్ళ పొదుపు గ్రూపులు, మంచినీళ్ళ బోరింగులు, సాగు పనులు చూస్తారు. జనవరి మొదట్లో వచ్చా, మూడు వారాలైంది. మీటింగ్ 9 గంటలకి అంటే 11 అయినా ఎవరూ రారు, పోయిన వారం రెండు మీటింగులు అసలు జరగనే లేదు. రోడ్డు మీద పిల్లలు మ్వెన్యె మ్వెన్యె అని వెంటపడతారు, అది తిట్టో ఏమిటో తెలీదు. పొదుపు గ్రూపులకి మొబైల్ యాప్ చేసిస్తానంటే ఆఫీసులో నవ్వి ఊరుకున్నారు. ఏ ఇంటికి వెళ్ళినా పేరు రాసుకున్నావు కదా ఎప్పుడిస్తారు అంటారు, ఏమిస్తారో నాకే తెలీదు. ఒకావిడ పిండికి డబ్బులడిగింది, ఇవ్వలేదు, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దీనికి తోడు రిపోర్టులో ఆరు బోరింగులూ పనిచేస్తున్నాయని రాయమన్నారు, నేను చూసినప్పుడు రెండింట్లో నీళ్ళు రావట్లేదు. అమ్మేమో ఇంత చదివి ఆఫ్రికా పల్లెటూళ్ళో ఏం చేస్తున్నావే అని రోజూ ఏడుపు. వెనక్కి వెళ్ళిపోనా?"

చెల్లీ, వెళ్ళకు. ముందు అది చెప్పేసి తర్వాత మాట్లాడతా, ఎందుకంటే నువ్వు ఫోన్ ఎక్కడో గుట్ట మీద సిగ్నల్ దొరికే చోట నిలబడి చదువుతుంటావని నాకు తెలుసు, మధ్యలో కట్ అయినా ఆ ఒక్క మాట అందితే చాలు.

నాకెలా తెలుసంటే నేనూ అక్కడ ఉండి వచ్చినదాన్నే. నీ పక్క జిల్లా ములాంజెలో పద్నాలుగు నెలలు. అంతకుముందు తొమ్మిదేళ్ళు అనంతపురం వైపు ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పనిచేశా, ఆ తొమ్మిదేళ్ళలో ప్రతి ఎండాకాలం సెలవులకీ యూరప్ నుంచి ఇద్దరో ముగ్గురో స్టూడెంట్లు మా ఆఫీసుకి ఇంటర్న్‌షిప్‌కి వచ్చేవాళ్ళు. మా జిల్లాకి అది కొత్తేం కాదు, 1969లో స్పెయిన్ మనిషి ఫెర్రర్ గారొచ్చి ఆర్డీటీ అనే సేవా సంస్థ పెట్టినప్పట్నుంచి స్పెయిన్ వాళ్ళని చూసి చూసి మా ముసలమ్మలకి "హోలా" అనడం కూడా వచ్చు. నేను పనిచేసింది అందులో కాదులే, మాది దాంట్లో పదో వంతు కూడా ఉండదు. చెప్పొచ్చేదేంటంటే వచ్చిన వాళ్ళకి అన్నం పెట్టే వైపు ముందున్నా, ఆ తర్వాత వెళ్ళి అన్నం పెట్టించుకునే వైపున్నా. నువ్వు రాసిన ప్రతి వాక్యం నాకు రెండు వైపుల నుంచీ వినిపించింది, ఒకటి రెండు చోట్ల నవ్వొచ్చింది కూడా, ఏమనుకోకు.

ముందు మీటింగుల సంగతి. ఒకసారి జర్మనీ నుంచి వచ్చిన అబ్బాయి ఒకడు మా డ్వాక్రా మీటింగుకి వెళ్ళి మూడు గంటలు వేపచెట్టు కింద కూర్చుని వచ్చి, మీ ఆడవాళ్ళకి టైం సెన్స్ లేదు అన్నాడు నాతో. వేరుశనగలో కలుపు తీసే రోజులవి, తెల్లారి చేలోకి పోతే మధ్యాహ్నానికి గానీ తిరిగి రారు, మీటింగ్ టైం పెట్టింది మా ఆఫీసు, వాళ్ళు కాదు. వాడి మీద కోపమొచ్చింది నాకు. సరిగ్గా ఆరేళ్ళ తర్వాత ములాంజెలో చెట్టు కింద రెండు గంటలు కూర్చుని నేనూ అదే మాట అన్నా, తెలుగులో, మా అమ్మకి ఫోన్‌లో.

నువ్వెళ్ళింది జనవరిలో. అక్కడ మొక్కజొన్న కోత ఏప్రిల్, మే నెలల్లో. ఆ గింజలు చాలా ఇళ్ళల్లో డిసెంబర్‌కో జనవరికో అయిపోతాయి, కొత్త పంట చేతికి రావాలంటే మార్చి దాటాలి. మధ్యలో ఈ రెండు మూడు నెలలు ఆకలి రోజులు. మన పెద్దవాళ్ళు కరువు కాలంలో గంజి తాగామని చెప్పేవాళ్ళు చూడు, అక్కడ అది ప్రతి ఏడాదీ క్యాలెండర్‌లో ఉంటుంది. ఆ టైంలో ఇంట్లో పిండి లేనివాళ్ళు వేరేవాళ్ళ పొలంలో గన్యు చేస్తారు, గన్యు అంటే కూలి, రోజు లెక్కన కాదు, ఇన్ని గట్లు కలుపు తీస్తే ఇంత పిండి లేదా ఇన్ని క్వాచాలు, అంటే వాళ్ళ రూపాయలు, అని గుత్త లెక్క. అందులో ఉన్న దెబ్బ ఏంటంటే పక్కవాడి చేలో కలుపు తీస్తున్నప్పుడు తన చేలో కలుపు పెరుగుతుంటుంది, దాంతో తన పంట తగ్గుతుంది, మళ్ళీ వచ్చే జనవరికి తనే ముందు గన్యుకి పోవాలి. నీ మీటింగుకి రానిది ఆ ఆడవాళ్ళే. పొద్దున తొమ్మిదింటికి నీ దగ్గర కూర్చుంటే ఆ పూట పిండి ఎక్కణ్ణుంచి వస్తుంది? దారిలో మామిడిపళ్ళు విరగకాసి ఉంటాయి ఇప్పుడు, పిల్లలు పొద్దున్నించీ అవే తింటుంటారు చూడు, మనం బలేగుంది అని ఫోటో తీస్తాం, కానీ కొన్ని ఇళ్ళల్లో అదే పూట భోజనం.

రెండు మీటింగులు అసలు జరగలేదన్నావు కదా, అడిగావా ఎందుకో? నూటికి తొంభై పాళ్ళు మలీరో అయ్యుంటుంది, ఊళ్ళో ఎవరో పోయుంటారు. అక్కడ చావు జరిగితే ఊరంతా పని ఆపేస్తుంది, చేలోకి పోరు, మీటింగులు పెట్టరు, ఆడవాళ్ళు కట్టెలూ పిండీ పట్టుకుని ఆ ఇంటికి పోయి రాత్రంతా కూర్చుంటారు. నేను మొదటిసారి అలా మీటింగ్ తప్పినప్పుడు గెస్ట్‌హౌస్‌కి వచ్చేసి లాప్‌టాప్ తెరిచా. మా ఆఫీసు డ్రైవరు మర్నాడు చాలా మర్యాదగా అడిగాడు, మీ దేశంలో పోయినవాళ్ళింటికి వెళ్ళరా అని. సిగ్గుతో చచ్చా. మనం వెళ్ళమా! ఆ తర్వాత నుంచీ నడుముకి చితెంజె చుట్టుకుని, అదే వాళ్ళ రంగుల బట్ట, వెనకాల కూర్చునేదాన్ని, ఒక్క మాట మాట్లాడక్కర్లేదు, ఊరికే కూర్చోవాలి. నాలుగు మలీరోలకి వెళ్ళాక నా మీటింగులకి జనం రావడం మొదలైంది, దీనికీ దానికీ లింకుందని నేను ఏ రిపోర్టులోనూ రాయలేదనుకో.

మ్వెన్యె అంటే తిట్టు కాదు, ఇండియన్ అని. తెల్లవాళ్ళని మ్జుంగు అన్నట్టు మనల్ని మ్వెన్యె. పిల్లలు అరిస్తే చెయ్యి ఊపు, అంతే. పెద్దవాళ్ళ నోట ఆ మాట ఒక్కోసారి వేరే రుచితో వస్తుంది, దానికి చరిత్ర ఉంది. ఇంగ్లీషువాళ్ళ టైం నుంచీ అక్కడ కొట్లు పెట్టుకున్నది ఎక్కువగా గుజరాతీలు, పల్లెల్లో కూడా ఉండేవాళ్ళు. 1964లో స్వతంత్రం వచ్చింది, రెండేళ్ళకి బండా అధ్యక్షుడయ్యాడు, 1970ల్లో ఆయన ప్రభుత్వం ఇండియన్ వ్యాపారులని పల్లెలు వదిలి బ్లాంటైర్, జోంబా, లిలోంగ్వే ఊళ్ళల్లోకి పొమ్మంది. అప్పట్నుంచి పల్లె మనిషికి ఇండియన్ అంటే టౌనుకి పోయినప్పుడు గల్లాపెట్టె దగ్గర కనపడే మనిషి, ఎరువుల బస్తాకి రేటు చెప్పే మనిషి, ఒక్కోసారి తన కొడుక్కి జీతమిచ్చే మనిషి. అలాంటి మనిషి పిల్ల నోట్‌బుక్ పట్టుకుని మట్టిరోడ్డు మీద నడిచొస్తోంది, చూడరా మరి? నన్నొకాయన మూడు నెలల పాటు మీ నాన్న కొట్టెక్కడ అని అడుగుతూనే ఉన్నాడు. మా నాన్నకి కొట్టు లేదు, రెండెకరాల వర్షాధారం చేను ఉంది, వేరుశనగ వేస్తాడు అని చెబితే నమ్మలేదు. ఇండియన్ రైతు కూడా ఉంటాడా అన్నాడు. ఆ రోజు ఫోన్‌లో నాన్న చేను ఫోటో చూపించా, మా ఎద్దుల్ని చూసి పది మంది గుమిగూడారు, అక్కడ ఎక్కువమంది చేత్తో, పారతోనే గట్లు పోసుకుంటారు కదా, నాగలి గురించి గంట సేపు అడిగారు. నా ఇంటర్న్‌షిప్ అసలు ఆ రోజు మొదలైందనుకుంటా. నీ ఫోన్‌లో కూడా ఊరి ఫోటోలు ఉంటాయిగా, మీ పొగాకు కాల్చే బ్యారన్లు, మిరప కళ్ళాలు. పొగాకు ఫోటో తప్పకుండా చూపించు, మలావి ఎగుమతుల్లో పెద్ద పంట అదే, ఒంగోలు పిల్లవి నువ్వు, బ్యారన్ చూసి పెరిగిన దానివి, వేలంలో రేటు పడిపోతే ఇంట్లో ఎలా ఉంటుందో నీకు తెలిసినంత మీ ఇంగ్లండ్ ప్రొఫెసర్‌కి తెలుసా?

పలకరింపులు నేర్చుకో. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానే కాదు. ఇంటి ముందుకెళ్ళి తలుపు తట్టకు, "ఓది" అని పిలువు, లోపల్నుంచి "ఓదిని" అంటారు, అప్పుడు అడుగుపెట్టు. "ములి బ్వాంజి" అంటే ఎలా ఉన్నారు, "న్దిలి బ్వినో, కాయ ఇను" అంటే బావున్నా మరి మీరు, "జికోమో" అంటే థాంక్స్, దాన్ని రోజుకి వంద సార్లు వాడొచ్చు, ఊరికే పక్కనుంచి పోతున్నా అనొచ్చు. పెద్దావిడని అమాయి అనాలి, పెద్దాయన్ని బంబో, ముసలివాళ్ళని అగోగో, అంటే అమ్మా, నాన్నా, అవ్వా అన్నట్టే. మనం బస్సులో ముక్కూమొహం తెలియనామెని పెద్దమ్మా కొంచెం జరుగు అంటాం కదా, అదే అలవాటు వాళ్ళదీ. ఇంగ్లీషులో పేరు పెట్టి పిలిచే పద్ధతి ఆఫీసులో వదిలేసి రా. పెద్దవాళ్ళకి చెయ్యి ఇచ్చేటప్పుడు ఎడమ చేత్తో కుడి మోచెయ్యి దగ్గర పట్టుకుని కొంచెం వంగు. ఇవన్నీ ఒక ముసలమ్మ దగ్గర రోజూ సాయంత్రం గంటసేపు కూర్చుని నేర్చుకో, ఆమెకి డబ్బులివ్వు, ఇది ముఖ్యం, పాఠానికి ఫీజు. పిండికి డబ్బులడిగినావిడ గురించి తర్వాత చెప్తా కానీ ఇది ఆ జవాబులో సగం.

ఇంకోటి, నువ్వు రాయలేదు గానీ గమనించే ఉంటావు, గ్రూపుల్లో ఆడవాళ్ళు గట్టిగా మాట్లాడతారు, కొన్ని ఇళ్ళల్లో మొగుడు చుట్టంలా పక్కన కూర్చుంటాడు. చుట్టమే! దక్షిణ మలావిలో లోమ్వె, యావో, మంగాంజా తెగల వాళ్ళల్లో వంశం తల్లి వైపు నుంచి పోతుంది, పొలం కూతుళ్ళకి వస్తుంది, పెళ్ళయ్యాక అబ్బాయే అమ్మాయి ఊరికి వచ్చి ఉంటాడు, దాన్ని చికామ్వీని అంటారు. అంటే ఊరు మొత్తం ఇల్లరికం. నాకు ఇది తెలిసిన రోజు పడిపడి నవ్వా, మా ఊళ్ళో ఇల్లరికపు అల్లుడంటే ఎంత చులకనో, అక్కడ అందరూ వాళ్ళే. అలాగని ఆడవాళ్ళదే రాజ్యం అనుకుని డిసర్టేషన్ రాసేయకు. అక్కచెల్లెళ్ళ మీద పెద్ద మేనమామకి మాట చెల్లుతుంది, పెళ్ళి తగువు, పొలం తగువు ఏదైనా మలూమె వచ్చి కూర్చుంటే గానీ తెగదు. మేనమామ పెత్తనం ఏంటో మన తెలుగు పిల్లకి ఎవరైనా కొత్తగా చెప్పాలా.

ఇప్పుడు యాప్. నవ్వి ఊరుకున్నారంటే వాళ్ళు మంచోళ్ళు, నేనైతే గట్టిగా చెప్పేదాన్ని. ఆ గ్రూపుల్ని అక్కడ బ్యాంక్ మ్ఖొండె అంటారు, మ్ఖొండె అంటే వసారాలో, మన భాషలో చెప్పాలంటే అరుగు బ్యాంకు. ఈ పద్ధతి 1991లో నైజర్ దేశంలో కేర్ సంస్థ మొదలుపెట్టింది. పదిహేను ఇరవై మంది, ప్రతి మీటింగుకీ ఒక్కొక్కళ్ళు ఒకటి నుంచి అయిదు వాటాలు కొంటారు, డబ్బు ఇనప్పెట్టెలో, పెట్టెకి మూడు తాళాలు, మూడు తాళంచెవులు ముగ్గురి దగ్గర, పెట్టె నాలుగో మనిషి ఇంట్లో. అందులోంచే అప్పులు, వడ్డీ కూడా ఆ పెట్టెలోకే. ఏడాది అయ్యాక వడ్డీతో సహా మొత్తం పంచేసుకుని మళ్ళీ సున్నా నుంచి. మన డ్వాక్రాకి పక్కా తేడా ఇక్కడుంది, మనది పొదుపు చూపించి బ్యాంకు అప్పు తెచ్చుకునే దారి, వాళ్ళది బయటి డబ్బు పైసా రాని దారి. మీటింగ్ చివర్లో చూడు, పెట్టెలో ఎంతుందో గట్టిగా చెప్పి అందరూ కంఠతా పట్టి లేస్తారు, మళ్ళీ మీటింగులో పెట్టె తెరవకముందే ఎంతుండాలో అందరూ కలిసి చెప్తారు, చదువురాని ముసలమ్మ కూడా. నీ యాప్ వస్తే లెక్క ఎవరి చేతిలోకి పోతుంది? స్మార్ట్‌ఫోన్ ఉన్న ఒక్కరి చేతిలోకి. ఇరవై నోళ్ళలో ఉన్న లెక్కని ఒక జేబులో పెట్టినట్టు. పైగా ఛార్జింగ్ ఎక్కడ పెడతారే?

నేను చేసింది అంతకంటే ఘోరం, చెప్తా విను. వచ్చిన రెండో నెల్లో నాకు నేనే ఎక్స్‌పర్ట్ అనుకుని ఒక గ్రూపులో డ్వాక్రా గురించి ఉపన్యాసమిచ్చా. మా ఆంధ్రాలో లక్షల గ్రూపులు, సారా ఉద్యమం నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు ఎలా మొదలుపెట్టారు, బ్యాంకులు ఎలా అప్పులిస్తాయి, మీరెందుకు బయటి అప్పు తెచ్చుకోకూడదు అని నలభై నిమిషాలు, పాపం ఫీల్డ్ ఆఫీసర్ ఒక్కో ముక్కా తర్జుమా చేస్తున్నాడు. అంతా అయ్యాక ఒక అగోగో చెయ్యెత్తి ఒకటే అడిగింది, మీ ఊళ్ళో అప్పు కట్టలేని ఆమెని ఏం చేస్తారు? నాకు నోట మాట రాలేదు. 2010లో నేను అనంతపురంలోనే ఉన్నా చెల్లీ, మైక్రోఫైనాన్స్ వాళ్ళు ఇంటి ముందు కూర్చుని వారం వారం వసూలు చేసిన రోజులు, ఒకే ఆడమనిషికి నాలుగు కంపెనీల అప్పులు, ఊళ్ళల్లో ఆత్మహత్యలు, ఆ అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చేదాకా పోయింది. డ్వాక్రా వేరు ఆ కంపెనీలు వేరు, కానీ ఆ గ్రూపులు ఉన్నాయని చూసే ఆ కంపెనీలు ఊళ్ళోకి వచ్చాయి, గ్రూపు మనిషే పక్క గ్రూపు మనిషిని కట్టు కట్టు అని తిట్టింది. ఆ ముసలమ్మకి మొత్తం చెప్పా, దాచకుండా. అంతా విని, అందుకే మా పెట్టెలో మా డబ్బే అంది. ఆ రోజు తర్వాత నేను సలహా ఇవ్వడం మానేశా, ఇప్పుడు ఈ కాలమ్‌లో ఇస్తున్నా అది వేరే సంగతి.

పేరు రాసుకున్నావు కదా ఎప్పుడిస్తారు అన్న మాట. 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుఫాను దక్షిణ మలావిని ఎలా ముంచిందో నువ్వు చదివే ఉంటావు, ఫలోంబేలో కొండల మీంచి బురద, రాళ్ళు కొట్టుకొచ్చి ఇళ్ళూ చేలూ పోయాయి. అలాంటిది జరిగాక ఎంతమంది ట్యాబ్‌లు పట్టుకుని పేర్లు రాసుకుపోతారో ఊహించుకో. మన దగ్గర వరదలొస్తే లిస్టులో నా పేరెక్కిందా అని ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరగరా? అక్కడ పేరు రాయడమంటే ఏదో రాబోతోందని. కాబట్టి ఏ ఇంటికెళ్ళినా మొదటి మాటగా చెప్పు, నేను స్టూడెంట్‌ని, నేర్చుకోడానికొచ్చా, ఈ కాగితం వల్ల మీకు ఏమీ రాదు, చెప్పడం ఇష్టం లేకపోతే మానేయండి అని. ఇది నీ భాషలో కాదు, ఫీల్డ్ ఆఫీసర్ చేత అక్కడి భాష చిచేవాలో చెప్పించి నువ్వు బట్టీ పట్టు. సగం మంది మానేస్తారు. మానేయనీ. మిగతా సగం నిజం చెప్తారు. ఇంకా వెళ్ళకపోతే ముందు ఊరి పెద్ద దగ్గరికి వెళ్ళి కనపడు, ఆడ పెద్దలు కూడా ఉంటారు అక్కడ, అనుమతి లేకుండా ఇల్లిల్లూ తిరగడం వాళ్ళ దృష్టిలో దొంగతనం లాంటిదే.

డబ్బులడిగినావిడ. నేను ఒకసారి ఇచ్చా, మర్నాడు పొద్దున్నే ఇంటి ముందు నలుగురు. వాళ్ళ తప్పు కాదది, ఇచ్చేవాళ్ళుంటే ఆకలిగా ఉన్నవాళ్ళు రారా. కానీ ఎప్పుడో ఒకప్పుడు వెళ్ళిపోయే నేను ఊళ్ళో ఒక కొత్త లైను తెరిచి మూసేసి వెళ్ళినట్టయింది. 2023 నవంబర్‌లో వాళ్ళ క్వాచా విలువ ఒక్కసారే తగ్గించారు, డాలరుకి 44 శాతం ఎక్కువ క్వాచాలు పెట్టాల్సొచ్చింది, ఎరువుల బస్తా, ఉప్పు, సబ్బు, అన్నీ ఎగబాకాయి, నీ పౌండ్లకి మాత్రం ఎక్కువ క్వాచాలొచ్చాయి, ఈ లెక్క వాళ్ళకీ తెలుసు. అందుకని చేతికి ఇవ్వకు, కొను. మామిడిపళ్ళు ఊళ్ళోనే కొను, టమాటాలు కొను, బేరమాడకు, బట్టలు ఉతకడానికి ఒకరిని పెట్టుకో, భాష పాఠం అగోగోకి ఫీజు ఇవ్వు, నువ్వు ఉన్న ఇంట్లో తిండికి డబ్బు నెల మొదట్లోనే ఇచ్చేయి, వాళ్ళు వద్దంటారు, అమాయి చేతిలో పెట్టేయి. ఆ అడిగినావిడ దగ్గరే ఏదైనా కొనడానికి ఉందేమో చూడు ముందు. నిద్ర పట్టకపోవడం గురించి మాత్రం నా దగ్గర మందు లేదు, నాకూ పట్టలేదు.

బోరింగులు. నీ ఉత్తరంలో అసలు విషయం ఇదే, నువ్వు చివర్లో పెట్టావు. మన ఊళ్ళల్లో కొట్టే బోరింగు ఇండియా మార్క్ 2, చెడిపోతే మండలం నుంచి మెకానిక్ వచ్చి పైపులన్నీ పీకాలి. నువ్వు చూసినవి ఆఫ్రిదేవ్ అయ్యుంటాయి, 1980ల్లో కెన్యా, మలావిల్లోనే తయారుచేసిన పంపు, ఊరివాళ్ళే సామాన్లతో విప్పి రిపేరు చేసుకునేలా చేశారు. ఎక్కువగా పోయేది లోపలి రబ్బరు సీళ్ళు, అదేమంత పెద్ద ఖర్చు కాదు. కానీ ఆ చిన్న ఖర్చుకే ఊరి వాటర్ కమిటీ ఇంటింటికీ వసూలు చేయాలి, జనవరిలో ఎవరిస్తారు? కమిటీ పెట్టెలో డబ్బు తుఫానప్పుడు వాడేసుకున్నారేమో, లేక నేర్చుకున్న మనిషి బ్లాంటైర్ పనికి పోయాడేమో. నువ్వు వెళ్ళిన రోజు రావట్లేదంటే ఎప్పట్నుంచి రావట్లేదో, ఆడవాళ్ళు ఇప్పుడు నీళ్ళు ఎక్కణ్ణుంచి తెస్తున్నారో అడుగు, వాగు నీళ్ళంటే వానాకాలంలో కలరా భయం ఉంది అక్కడ.

తర్వాత రాయి. పనిచేయట్లేదు అని తీర్పు రాయకు, ఫలానా తేదీన ఫలానా ఊళ్ళో నేను చూసినప్పుడు నీళ్ళు రాలేదు, కమిటీ వాళ్ళు ఇలా చెప్పారు అని రాయి. నువ్వు చూడనిది రాయకు, చూసింది దాచకు. ఆరూ పనిచేస్తున్నాయని మాత్రం నీ చేత్తో రాయొద్దు, ఎవరు చెప్పినా. మీ సూపర్‌వైజర్‌కి మెయిల్ పెట్టు, నోటి మాటగా వద్దు, అది కూడా మర్యాదగా, వీటికి సీళ్ళు మార్చడానికి బడ్జెట్‌లో ఏమైనా ఉందా అని ప్రశ్నలా. మంచి మనిషైతే ఊపిరి పీల్చుకుంటాడు, చాలాసార్లు ఆఫీసులో అందరికీ తెలిసే ఉంటుంది, దాతల ఫారంలో అవును కాదు అని రెండు గళ్ళే ఉంటాయి, కాదు అంటే వచ్చే ఏడాది డబ్బు ఆగుతుందని భయం, ఆ డబ్బు ఆగితే ఫీల్డ్ ఆఫీసర్ జీతం ఆగుతుంది, వాడింట్లో అయిదుగురు. మేము అనంతపురంలో ఇలాంటి గళ్ళు ఎన్ని నింపామో నేను చెప్పను. ఒకటి మాత్రం చెప్తా, ఒక ఏడాది ఎండిపోయిన చెట్లని బతికున్నట్టు రాశాం, తర్వాతి ఏడాది ఆ దాతలే చూడ్డానికొచ్చారు, మా డైరెక్టర్ ముందు రోజు రాత్రి నర్సరీ నుంచి మొక్కలు తెప్పించి నాటించాడు, నేను కూడా నాటా. ఆ రాత్రి గుంతలు తవ్విన కూలీలు ఏమీ అనలేదు, తవ్వుతూ నా వైపు చూసి నవ్వుకున్నారు. పదిహేనేళ్ళయినా ఆ నవ్వు గుర్తుంది. ఫేస్‌బుక్‌లో పెట్టే ఆలోచన ఉంటే మానుకో, నువ్వు మార్చిలో విమానమెక్కుతావు, మాట పడేది ఆ ఫీల్డ్ ఆఫీసర్. మెయిల్‌కి జవాబు రాకపోతే మీ యూనివర్సిటీలో నిన్ను పంపినవాళ్ళకి చెప్పు, అంతవరకు చాలు.

పనికిరావట్లేదు అన్నావు కదా. రావు. మూడు వారాల్లో ఎవరూ రారు, మా దగ్గరికి వచ్చిన వాళ్ళెవరూ రాలేదు, మొదటి నెలంతా వాళ్ళని చూసుకోవడమే మాకొక పని, వాళ్ళకి కారం లేని కూర, వాళ్ళకి దోమతెర, వాళ్ళకి తోడు ఒక మనిషి. ఆ ఖర్చు ఎక్కువ మోసేది ఊరే. అది తెలుసుకుని మసలుకుంటే చాలు, దానికి సిగ్గుపడి కొత్త ప్రాజెక్టులు కనిపెట్టాల్సిన పనిలేదు. ఆఫీసులో రిజిస్టర్లు ఎక్సెల్‌లో ఎక్కించే పని ఉంటుంది, ఎవరికీ ఇష్టముండదు, అది అడిగి తీసుకో, నువ్వు బీటెక్‌వి, రెండు రోజుల పని వాళ్ళకి రెండు నెలలు మిగులుతుంది. ఒక పుస్తకంలో రోజూ చూసినవి రాసుకో, ఇప్పుడు నీకు వింతగా కనిపించేవి రెండో నెలకి కనపడవు, అప్పుడు రాద్దామంటే గుర్తు రావు. రాసుకో, ఎవరికీ పంపకు. మార్చిలో చదువుకుని ఎన్నింటి పక్కన తప్పు గుర్తు పెడతావో చూడు.

ఒంటి జాగ్రత్త సంగతి రెండు ముక్కల్లో. మలేరియా మాత్ర మానకు, జ్వరమొస్తే ఆ రోజే టెస్ట్ చేయించుకో, రేపు చూద్దాం అనుకోకు. చీకటి పడ్డాక కబాజా, అంటే సైకిల్ ట్యాక్సీ, ఎక్కకు, గుంతల్లో పడి నేను ముంజెయ్యి విరగ్గొట్టుకున్నా. చెరువుల్లో, వాగుల్లో దిగకు, బిల్హార్జియా ఉంటుంది. వెళ్ళే ఇంటి వివరం నీ అమాయికి చెప్పి వెళ్ళు.

మీ అమ్మకి ఏం చెప్పాలంటావా, తిండి గురించి చెప్పు, అమ్మలకి అది చాలు. న్సిమా అంటే మొక్కజొన్న సంగటి అని చెప్పు, సంగటి లాగే ముద్ద చేసి కుడిచేత్తో నంజుకుని తింటున్నా, తినేముందు చెంబుతో చేతుల మీద నీళ్ళు పోస్తారు అని చెప్పు. థోబ్వా ఇస్తే తాగు, అది మన అంబలి వరసే, మొక్కజొన్న పిండిదీ చిరుధాన్యానిదీ, కొంచెం తియ్యగా పులిసి ఉంటుంది.

ఇంకొకటి చెప్పడం మర్చిపోయా. నందోలో అని సంతలో అమ్ముతుంటారు చూడు, చేలల్లో మొక్కజొన్న మధ్య కూడా వేస్తారు. అవి కందులే. ఫలోంబే, ములాంజె, చిరాజులు వైపు కందికి పెట్టింది పేరు, బ్లాంటైర్ మిల్లుల్లో పప్పుగా ఆడించి మన దేశానికే పంపిస్తారు, ఏటా 50 వేల టన్నులు కొంటామని మన ప్రభుత్వం 2021లో ఒప్పందం కూడా రాసుకుంది. మీ ఒంగోలు కొట్లో అమ్మ కొనే కందిపప్పులో నీ ఇంటి పక్క చేనుది కొంత ఉన్నా ఉండొచ్చు, ఈ మాట అమ్మకి చెప్పు, ఏడుపు ఆపి రేటెంత అని అడుగుతుంది. అక్కడివాళ్ళు గింజని గింజలాగే ఉడికించి న్సిమాలో నంజుకుంటారు, పప్పుగా మెదపరు. సంతలో బ్వెంబా దొరుకుతుంది, చింతపండే అది. ఒక ఆదివారం నందోలో నానబెట్టి పొట్టు తీసి, మెత్తగా ఉడికించి, టమాటా, బ్వెంబా వేసి పప్పు చెయ్యి, పోపుకి ఆవాలు నీ పెట్టెలో అమ్మ పెట్టే ఉంటుంది. ముందు అమాయికి పెట్టు. మా అమాయి ఒక ముద్ద తిని, ఇంత మంచి గింజని ఎందుకమ్మా ఇలా పాడుచేశావు అంది. మీ అమాయి ఏమందో నాకు రాయి.